అంచు కింద గాడి

ఆదిలక్ష్మమ్మకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. ఏదైనా ధారగా పడుతుంటే చేస్తున్న పని ఆపి మరీ చూస్తుంది. మర్రిపాడులో బద్వేలు రోడ్డు మీద వాళ్ళ నాయనకు నూనెల కొట్టు ఉండేది. లారీలు ఆపుకొని డ్రైవర్లు వంటకు నూనె కొనుక్కుపోయేవాళ్ళు. ఆయన డబ్బాలోంచి సీసాలోకి వంచుతుంటే ఈ పిల్ల గల్లాపెట్టె పక్కన గడ్డం ఆనించుకొని కళ్ళార్పకుండా చూసేది.

ఒకరోజు అడిగింది. "నాయనా, ఆముదం పోస్తే కింద తాడు చుట్టినట్టు చుట్టుకుంటా ఉండాది. చెనిక్కాయల నూనె ఎందుకు చుట్టుకోదు?"

"ఆముదం బద్ధకంది. అందుకని."

"బద్ధకమైతే పడినకాడ పడుకోవాల గదా. చుట్టుకునేదెందుకు?"

పక్కనున్న డ్రైవరు నవ్వాడు. ఆ రోజు నుంచి ఆ కొట్టుకొచ్చే నలుగురైదుగురు డ్రైవర్లు ఆమెను "ఆముదం పాప" అనేవాళ్ళు.

పెళ్ళయి ఆత్మకూరు వచ్చింది. అదృష్టమో ఏమో, అత్తగారింటిది కూడా నూనెల వ్యాపారమే. భర్త మల్లికార్జునం మాటకారి కాదు గానీ చెయ్యి మాత్రం బంగారం. పెద్ద డబ్బా ఎత్తి సన్నమూతి సీసాలోకి గరాటు లేకుండా పోసేవాడు, ఒక్క చుక్క బయటికి పోయేది కాదు. తెల్లచొక్కా వేసుకొని నూనెల కొట్లో కూర్చొని, సాయంత్రం అదే తెల్లచొక్కాతో ఇంటికొచ్చే మనిషి. బజారులో అందరికీ అది వింతే. ఆదిలక్ష్మమ్మ కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాక ఒక సంగతి కనిపెట్టింది. ఆయన నిదానంగా పొయ్యడు. సీసా మూతి దగ్గర పెట్టి ఒక్కసారిగా వంచుతాడు. ఆపేటప్పుడు కూడా ఒక్కసారిగా లేపుతాడు. నింపాదిగా పోస్తేనే నూనె డబ్బా అంచు పట్టుకొని వెనక్కి పాకి, అడుగు దాకా కారుతుంది. అంచు మందంగా, గుండ్రంగా ఉంటే ఇంకా ఎక్కువ పాకుతుంది. పలచటి అంచైతే తెగి పడుతుంది. ఈ మాట భర్తకు చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "అవును గదా," అన్నాడు. తన చేతికి ఎప్పటి నుంచో తెలిసిన సంగతి తనకు అప్పుడే తెలిసింది.

అట్లా ముప్పై ఏళ్ళకు పైగా గడిచాయి. కొడుకు నాగార్జున పెద్దవాడయ్యాడు, కోడలు శ్రీదివ్య వచ్చింది. కొట్లో ప్యాకెట్ నూనెలు ఎక్కువయ్యాయి. అయినా విడి నూనెకు గిరాకీ పూర్తిగా పోలేదు.

పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక ఉదయం మల్లికార్జునం చేతిలోంచి డబ్బా జారింది. నూనె గడప దాటి మెట్ల మీదికి పారింది. ఆయన దాన్ని చూస్తూ నిలబడ్డాడు, ఏదో చెప్పబోయాడు, మాట రాలేదు. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మూతి పక్షవాతానికి పోయాయి.

నెల్లూరు ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. కాలు కొద్ది కొద్దిగా కదిలింది. మాట ముద్దముద్దగా వచ్చింది. మింగడం మాత్రం కుదరలేదు. చెంచాడు మంచినీళ్ళు పోస్తే ఊపిరాడనంతగా దగ్గేవాడు. ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపారు. ఆయన ఆ గొట్టాన్ని ఎడమ చేత్తో పీకేయబోతుంటే ఆదిలక్ష్మమ్మ ఆ చేతిని పట్టుకొని గంటల తరబడి కూర్చునేది.

మింగడం, మాట్లాడడం మళ్ళీ నేర్పించే అమ్మాయి పేరు శిల్ప. నెల్లూరు పిల్లే. రెండో వారంలో ఆమె వచ్చి, ఆయన మెడ మీద వేళ్ళు పెట్టి ఉమ్మి మింగించి చూసింది.

"ఆంటీ, నీళ్ళు తొందరగా జారిపోతాయి," అని చెప్పింది. "మనం మింగేటప్పుడు ఊపిరి గొట్టానికి ఒక మూత పడుద్ది. అంకుల్‌కి ఆ మూత లేటుగా పడతా ఉండాది. నీళ్ళు అంతలోపలే లోనికి పోతాయి. చిక్కటిదైతే నిదానంగా జారుద్ది, మూత పడే దాకా ఆగుద్ది. గొట్టం తీసేయాలంటే ముందు చిక్కటివి మింగడం రావాల."

చుట్టూ ఉన్నవాళ్ళు తలూపారు. ఆదిలక్ష్మమ్మ మాత్రం ఆగిపోయింది. "ఎంత చిక్కన?" అని అడిగింది.

"రాగి జావ లాగ."

"జావ ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా కాస్తారు మేడం. ఆముదమంతా, తేనంతా?"

శిల్ప నవ్వింది. తన సంచిలోంచి సూది లేని సిరంజి ఒకటి తీసింది. కింది కంత వేలితో మూసి, పైనుంచి జావ నింపి, వేలు తీసి, పది లెక్కపెట్టింది. మళ్ళీ వేలు పెట్టింది. పైన ఎంత మిగిలిందో చూపించింది. "నీళ్ళయితే ఈపాటికి అంతా కారిపోయుండేది. ఇందులో దాదాపు అంతా మిగలాల. అప్పుడే అంకుల్‌కి పెట్టాల."

మర్నాడు ఆదిలక్ష్మమ్మ కొడుకుతో చిన్న సీసాలో ఆముదం తెప్పించింది. "ఇది కూడా పోసి చూద్దాం మేడం," అంది. శిల్పకూ ఆసక్తి పుట్టింది. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి సిరంజిలో ఆముదం పోసి చూశారు. ఆముదం సగానికి పైగా మిగిలింది. ఇంతకంటే జావ ఇంకాస్త చిక్కగా ఉండాలి, అయితే చెంచా వంచితే జారాలి, ముద్దగా అతుక్కోకూడదు. ఆదిలక్ష్మమ్మకు ఇప్పుడు అర్థమైంది. చూపుకు కాదు, చేతికి అర్థమైంది.

గొట్టం తీసేసి ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు శిల్ప చాలా జాగ్రత్తలు చెప్పింది. నిటారుగా కూర్చోబెట్టండి. మింగేటప్పుడు గడ్డం కిందికి వంచమనండి. చెంచా నిండుగా పెట్టకండి. నోట్లో పెట్టిన చెంచాను మళ్ళీ గిన్నెలో ముంచకండి. తిన్నాక వెంటనే పడుకోనివ్వకండి. ఆదిలక్ష్మమ్మ అన్నిటికీ సరేనంది. చెంచా ముంచొద్దన్న మాట ఎంగిలి గురించి అనుకుంది. కట్టుకున్న మొగుడి ఎంగిలి, ఆయన తినే గిన్నెలోనే గదా, అనుకొని దాన్ని వదిలేసింది.

ఇంటికొచ్చాక శిల్ప ఇచ్చిన సిరంజితో కొలిచి మరీ జావ కాసింది. శ్రీదివ్య ఉండలు కట్టకుండా కలిపేది, ఈమె వంచి చూసేది. మొదటి చెంచాలు బాగా దిగేవి. ఆయన కళ్ళు మూసుకొని, గడ్డం వంచి, శ్రద్ధగా మింగేవాడు. గిన్నె సగానికి వచ్చేసరికి దగ్గు మొదలయ్యేది. ప్రతిపూటా అంతే.

"అలిసిపోతా ఉండారేమో అత్తమ్మా," అంది శ్రీదివ్య.

అలసట అయితే తొందరగా ముగిస్తే పోతుంది అనుకుంది ఆదిలక్ష్మమ్మ. అటక మీద నుంచి నాగార్జున చిన్నప్పటి ఉగ్గుగిన్నె దించింది. ముక్కున్న ఆ చిన్న గిన్నెతో నేరుగా నోట్లోకి పోస్తే పని తేలికవుతుందనుకుంది. రెండో గుక్కకే మల్లికార్జునం ముఖం నల్లబడింది. దగ్గి దగ్గి కళ్ళవెంట నీళ్ళు కారాయి. రెండు రోజులకు జ్వరం వచ్చింది, రొమ్ములో గురగుర మొదలైంది. మళ్ళీ నెల్లూరు పరుగెత్తారు.

శిల్ప కోప్పడలేదు. మంచం పక్కన కుర్చీ వేసుకొని ఉగ్గుగిన్నెను చేతిలో తిప్పి చూసింది. "పసిబిడ్డ తాగేటప్పుడు ఊపిరి, మింగడం రెండూ వాడే సర్దుకుంటాడు ఆంటీ. అంకుల్ అట్ట సర్దుకోలేరు. దీంతో పోస్తే ఎప్పుడు ఎంత పడుద్దో ఆయన చేతిలో ఉండదు, మన చేతిలో ఉంటది. చెంచా అయితే పెదవితో ఆయనే తీసుకుంటారు. పొయ్యొద్దు. అందించండి."

ఆదిలక్ష్మమ్మ తల వంచుకొని విన్నది. ఆ మాట ఆమె మనసులో బాగా నాటుకుంది. నూనె పోసే కొట్లో ఎప్పుడూ పోసేవాడి చెయ్యే లెక్క. తాగేవాడి నోరు గురించి ఎవరు ఆలోచిస్తారు?

జ్వరం తగ్గి ఇంటికొచ్చారు. మళ్ళీ చెంచా. మళ్ళీ సగం గిన్నె దగ్గర దగ్గు. ఈసారి ఆదిలక్ష్మమ్మ కంగారు పడలేదు, గిన్నె పక్కన పెట్టి చెంచాతో జావ ఎత్తి వంచింది. అది నీళ్ళలా జారిపోయింది. పొయ్యి మీద గిన్నెలో మిగిలిన జావ తెచ్చి వంచింది. అది కాసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే, ఇంకొంచెం గట్టిగానే ఉంది.

"ఇది చూడవే దివ్యా," అని పిలిచింది. "ఒకే జావ. ఆ గిన్నెలోది గట్టిగానే ఉండాది. ఈయన తినే గిన్నెలోది పలచబడింది. నువ్వేమన్నా నీళ్ళు కలిపినావా?"

"లేదత్తమ్మా. నేను తాకనే లేదు."

ఆ గిన్నెలోకి పోయి వచ్చింది చెంచా ఒక్కటే. మధ్యాహ్నం ఆదిలక్ష్మమ్మ రెండు గ్లాసుల్లో ఒకే జావ పోసింది. ఒకదాన్ని కడిగిన చెంచాతో కలిపింది. రెండోదాన్ని తన నోట్లో పెట్టుకొని తీసిన చెంచాతో కలిపింది. రెండూ కిటికీలో పెట్టి పప్పు ఎసట్లో వేసి వచ్చింది. వచ్చి చూస్తే కడిగిన చెంచా గ్లాసు మామూలుగా ఉంది. ఎంగిలి చెంచా గ్లాసు వంచగానే గలగలా పారింది. సిరంజిలో పోసి చూస్తే పది లెక్కపెట్టే లోపలే సగానికి పైగా దిగిపోయింది.

ఆమె గ్లాసులు రెండూ పక్కపక్కన పెట్టింది. తర్వాత శిల్పకు వీడియో కాల్ చేసి రెండు గ్లాసులూ చూపించింది.

"ఉమ్ములో ఒక రసం ఉంటది ఆంటీ. గంజిని కరిగించేస్తది. అన్నం ఎక్కువసేపు నమిలితే తియ్యగా అయ్యేది అందుకే," అంది శిల్ప. "చెంచా మళ్ళీ ముంచొద్దన్నది దానికే."

"నేను ఎంగిలి అనుకున్నాను పాపా."

"ఎంగిలే ఆంటీ. ఎంగిలి పనే అది."

ఉమ్మికి కరగని చిక్కబరిచే పొడి ఒకటి ఉందని, నెల్లూరులో సులభంగా దొరకదు గానీ తెప్పిస్తానని శిల్ప చెప్పింది. తెప్పించింది కూడా. దాన్ని మంచినీళ్ళలో కలిపి ఇచ్చేవాళ్ళు. మల్లికార్జునానికి అది నచ్చేది కాదు. జావ, పప్పుకట్టు, సగ్గుబియ్యం గంజి అయితేనే నోరు తెరిచేవాడు. కాబట్టి చెంచా మళ్ళీ గిన్నెలోకి పోకుండా తినిపించే మార్గం కావాలి.

మార్గం సులభమే. ఒక గిన్నెలోంచి చెంచాలోకి కొద్దికొద్దిగా వంచాలి, చెంచా నోటికివ్వాలి. చెంచా గిన్నెను ముట్టకూడదు. చేసి చూస్తే ఇంకో తంటా వచ్చింది. చెంచాడు చెంచాడు వంచాలంటే నింపాదిగా వంచాలి. నింపాదిగా వంచితే జావ గిన్నె అంచు పట్టుకొని వెనక్కి పాకుతుంది. ఆయన గడ్డం మీద, చొక్కా మీద పడుతుంది. ఉగ్గుగిన్నెతో వంచినా అంతే, దాని ముక్కు గుండ్రంగా మడిచి ఉంటుంది. ఒక్కసారిగా వంచితే చెంచా పొంగిపోతుంది.

ఒంటి మీద జావ చుక్క పడినప్పుడల్లా మల్లికార్జునం ఎడమ చేత్తో దాన్ని తుడుచుకోబోయి ఇంకా పులుముకునేవాడు. మెడకు తుండు కట్టబోతే లాగేశాడు. ఒకరోజు నోరు తెరవడం మానేశాడు. గోడ వైపు తిరిగి, ముద్దగా, "వద్దు," అన్నాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. ఆ పూట ఏమీ తినలేదు. మర్నాడు ఉదయం కూడా తినలేదు.

ఆదిలక్ష్మమ్మ ఆ మధ్యాహ్నమే కోడలికి ఆయన్ను అప్పగించి ఉదయగిరి బస్సెక్కింది.

ఉదయగిరిలో కొండ కిందుండే వీధుల్లో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే ఇళ్ళు ఉన్నాయి. ఆదిలక్ష్మమ్మ వంటింట్లో ఉన్న గరిటెలన్నీ అక్కడివే. మస్తాన్‌బీ దగ్గర కొన్నవి. మస్తాన్‌బీ తల్లి దగ్గర పని నేర్చుకొని, నలభై ఏళ్ళ వయసుకే వేళ్ళన్నీ ఉలిగాట్లతో నింపుకున్న మనిషి. వరండాలో కొయ్యపొట్టు మధ్య కూర్చొని ఆదిలక్ష్మమ్మ చెప్పిందంతా విన్నది.

"చెంచా సంగతి సరేనమ్మా. లోతు తగ్గించి, నాలిక మీద ఆనేటట్టు చేస్తాను. స్టీలు చెంచాను కొరికితే పళ్ళకు దెబ్బ, కొయ్యయితే మెత్తన. కానీ గిన్నెకి పలచన అంచు కావాలంటున్నారే, అది కొయ్యలో నిలవదు."

"ఒకసారి చేసి చూడు మస్తాన్‌బీ. పలచన అంచయితేనే తెగి పడుద్ది. మా కొట్లో చూసినాను గదా."

మస్తాన్‌బీ ఆ కొండల్లో దొరికే బిక్కి కర్రతో గుప్పెడంత గిన్నె చేసింది. ముక్కు తమలపాకు కొసలాగా సన్నగా తీసింది. ఆదిలక్ష్మమ్మ దాన్ని తెచ్చి వాడితే రెండు రోజులు జావ చక్కగా తెగిపడింది. మల్లికార్జునం గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. మూడో రోజు వేడి జావకు అంచు చీలింది. చీలికలో జావ చేరి, మునుపటికంటే ఎక్కువ కారింది.

మళ్ళీ ఉదయగిరి. ఈసారి అంచు మందంగా చేసింది మస్తాన్‌బీ. చీలలేదు, కానీ కారింది. "చెప్పినాను గదమ్మా," అంది మస్తాన్‌బీ, ఎత్తిపొడుపు లేకుండా. ఇద్దరికీ తోచింది ఒకటే, మందం ఉంటే కారుతుంది, పలచనైతే విరుగుతుంది. మధ్యలో ఎక్కడో సరైన మందం ఉంటుందేమోనని ఇంకో గిన్నె చేశారు. అది కొద్దిగా కారింది, కొన్నాళ్ళకు కొద్దిగా చీలింది.

నాలుగోసారి ఆమె వెళ్ళేసరికి కార్తె మారి వానలు మొదలయ్యాయి. ఈసారి ఫ్లాస్కులో జావ కూడా తీసుకెళ్ళింది, అక్కడికక్కడే వంచి చూడడానికి. వాన పెద్దదై వరండా అంచున నీళ్ళు జారుతున్నాయి. మస్తాన్‌బీ లోపలికి టీ పెట్టడానికి పోయింది. ఆదిలక్ష్మమ్మ అలవాటు కొద్దీ కళ్ళెత్తి ఆ నీళ్ళను చూస్తూ కూర్చుంది.

వరండా మీద పాత రేకు ఉంది. రేకు చివర నుంచి నీళ్ళు వెనక్కి తిరిగి, రేకు అడుగున పాకుతూ వచ్చి, గోడ తడిపేస్తున్నాయి. గోడంతా పాకుడు పట్టి నల్లగా ఉంది. పక్కనే ఉన్న కిటికీ మీద సిమెంటు సన్‌షేడ్. దాని అంచు అరచేతి మందం. ఆ లెక్కన ఇంకా ఎక్కువ పాకాలి. కానీ దాని కింద గోడ పొడిగా ఉంది.

ఆమె లేచి, కొంగు నెత్తిన వేసుకొని, వానలో సన్‌షేడ్ కిందికి వెళ్ళి పైకి చూసింది. నీటి చుక్కలు అంచు దాటి వెనక్కి తిరిగి, అడుగున వేలెడు దూరం పాకి వస్తున్నాయి. అక్కడ సన్నటి గాడి ఉంది, సన్‌షేడ్ పొడుగునా గీసినట్టు. చుక్కలు ఆ గాడి దగ్గరకొచ్చి ఆగుతున్నాయి. లోపలికి దూకలేక, అక్కడే లావై, టప్పున కింద పడుతున్నాయి.

టీ గ్లాసులతో వచ్చిన మస్తాన్‌బీ వానలో తడుస్తున్న ఆమెను చూసి, "ఏందమ్మా అది, జలుబు చేస్తది," అంది.

"ఇట్టా రా. పైన ఆ గీత ఎవురు గీసినారు?"

"మేస్త్రీ గీసినాడు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే కమ్మీ పెట్టి లాగుతారు. నీళ్ళు గోడకి రాకుండా."

"అంచు ఎంత లావున్నా?"

"అంచుతో పనేముండాది? నీళ్ళు గాడి దాటవు." అని ఆమె ఆ మాట దగ్గరే ఆగింది. తర్వాత గ్లాసులు రెండూ గట్టు మీద పెట్టి, లోపలికిపోయి, వెనక్కిచ్చిన మందం అంచు గిన్నె, సన్న ఉలి తెచ్చింది.

గిన్నె బోర్లించి, ముక్కు అడుగున, అంచుకు కాస్త ఇవతల, అడ్డంగా ఒక గాడి తీసింది. ఆదిలక్ష్మమ్మ ఫ్లాస్కు విప్పి జావ పోసింది. నింపాదిగా వంచింది. జావ అంచు దాటి, అలవాటు ప్రకారం అడుక్కి తిరిగింది. గాడి అంచున ఆగింది. వెనక్కి రాలేదు. గిన్నె లేపగానే ఆ చివరి బొట్టు చెంచాలోనే పడింది. ఇంకోసారి వంచింది. ఈసారి గాడిలో కొంచెం జావ నిండింది, నిండాక దాటింది.

"లోతు చాల్లేదు," అంది మస్తాన్‌బీ. "నీళ్ళకు ఆ గీత సరిపోద్ది. ఇది చిక్కటిది, వెడల్పు కావాల." గాడి వెడల్పు చేసి, ఇవతలి ఒడ్డును నిలువుగా చెక్కింది. టీ చల్లారిపోయింది. ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ వంచుతూనే ఉన్నారు. చివరికి గిన్నె అడుగు పొడిగా ఉంది. ఆదిలక్ష్మమ్మ దాన్ని వేలితో తడిమి, ఆ వేలు మస్తాన్‌బీకి చూపించింది.

ఆ గిన్నెతో మల్లికార్జునం మళ్ళీ తిన్నాడు. మొదటిరోజు ప్రతి చెంచాకూ చొక్కా వైపు అనుమానంగా చూసుకున్నాడు. తర్వాత చూడడం మానేశాడు. ఒంట్లో ఓపిక వచ్చేకొద్దీ శిల్ప నేర్పిన కసరత్తులు చేశాడు. నాలుకను అంగిలికి నొక్కిపట్టడం, గాలి బిగబట్టి మింగడం లాంటివి. మాట కొంచెం తేటపడింది. చలికాలం వచ్చేసరికి చెంచా ఎడమ చేత్తో తానే పట్టుకున్నాడు. గిన్నె వంచడం మాత్రం భార్య పని.

నెల్లూరుకు చూపించుకోడానికి వెళ్ళినప్పుడు ఆదిలక్ష్మమ్మ గిన్నె, చెంచా రెండూ శిల్ప ముందు పెట్టింది. శిల్ప వాటిని తిప్పి తిప్పి చూసి, చెంచా కాడ ఎడమ చేతికి తగ్గట్టు కొంచెం ఒంచితే మణికట్టు తిప్పే పని తప్పుతుందని చెప్పింది. అది ఆదిలక్ష్మమ్మకు గానీ మస్తాన్‌బీకి గానీ తట్టలేదు. తర్వాత శిల్ప తన దగ్గరికొచ్చే ఇంకో ముగ్గురి కోసం గిన్నెలు చేయించింది. ఇద్దరికి పనికొచ్చాయి. ఒక ముసలావిడకు పనికిరాలేదు, ఆమెకు చిక్కటిది గొంతులోనే నిలిచిపోతుందట, పలచటిదే కావాలట. "ఒక్కో గొంతు ఒక్కో తీరు ఆంటీ," అంది శిల్ప. ఆ ముసలావిడ గురించి ఆదిలక్ష్మమ్మ బస్సులో దారి పొడుగునా ఆలోచించింది. చిక్కటిది నిలిచిపోవడమేంది, ఎక్కడ నిలుస్తుంది, తోసేది ఏది. మరుసటిసారి వెళ్ళినప్పుడు శిల్పను గంటసేపు అదే అడిగింది.

మంచినీళ్ళు ఇప్పుడు మల్లికార్జునం చిన్న చిన్న గుక్కలుగా, గడ్డం వంచుకొని తాగుతాడు. అదీ నోరు శుభ్రంగా కడుక్కున్నాక, శిల్ప చెప్పినంతే. మిగతావి చిక్కగానే తీసుకోవాలి. పూర్తిగా ఎప్పుడు బాగవుతుందో, అసలు అవుతుందో లేదో శిల్ప చెప్పలేదు. వాళ్ళూ అడగడం మానేశారు.

ఈ మాఘమాసంలో వరికుంటపాడులో వాళ్ళ బంధువులింట పెళ్ళి జరిగింది. మల్లికార్జునం ఇల్లు దాటి ఒక శుభకార్యానికి వెళ్ళడం జబ్బు చేశాక అదే మొదలు. నాగార్జున వద్దన్నాడు. "నలుగురిలో దగ్గొస్తే ఇబ్బంది పడతాడు నాయన," అన్నాడు. మల్లికార్జునం వెళ్ళి కారులో కూర్చున్నాడు, తెల్లచొక్కా వేసుకొని.

భోజనాల్లో బంతిలోనే కూర్చున్నాడు. ఆదిలక్ష్మమ్మ పక్కన కూర్చొని, ఆకు పక్కన కొయ్యగిన్నె పెట్టింది. పప్పు మెత్తగా చిదిపి చారుతో కలిపి అందించింది. అవతల కూర్చున్న పెద్దాయన ఒకాయన గిన్నెను వింతగా చూశాడు.

"ఏంది మల్లికార్జునం, ఇది?"

"మా... ఆవిడ... కనిపెట్టింది," అన్నాడు మల్లికార్జునం, ఒక్కో మాటా కూడబలుక్కొని.

"నేనొక్కదాన్నే గాదు. ఉదయగిరిలో చేసినారు," అంది ఆదిలక్ష్మమ్మ.

వడ్డించేవాళ్ళు పాయసం తెచ్చారు. పెసరపప్పు పాయసం, బాగా మెదిగింది, పొగలు కక్కుతోంది. ఆదిలక్ష్మమ్మ కొయ్యగిన్నెలో పోయించుకొని, చెంచాలోకి కొంచెం వంచి చూసింది. తొందరగా జారింది. ఆమె తల అడ్డంగా ఊపి, గిన్నె పక్కకు పెట్టబోయింది.

మల్లికార్జునం ఎడమ చెయ్యి ఆమె మణికట్టు మీద వేశాడు. "ఆగు. చల్లారితే... చిక్కబడుద్ది," అన్నాడు.

ఆమె ఆయన వైపు చూసింది. నిజమే, పప్పు పాయసం గదా.

బంతి లేచింది. పక్కవాళ్ళు చేతులు కడుక్కోవడానికి పోయారు. ఆకులు తీసేవాళ్ళు వచ్చి, వీళ్ళిద్దరూ ఇంకా కూర్చుని ఉండడం చూసి, అటు చివర నుంచి మొదలుపెట్టారు. ఆదిలక్ష్మమ్మ మధ్యమధ్య చెంచాతో పాయసం ఎత్తి వంచుతోంది. మల్లికార్జునం తల వంచి ఆ ధారనే చూస్తున్నాడు.